సంవత్సరీకం నాటి బ్యాకప్

మా కాలేజీ వాళ్ళు సంవత్సరీకం భోజనం తినొచ్చి, మర్నాడు పొద్దున్నే మా తమ్ముణ్ణి తుడిచేశారు.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. రాజాం దారిలో ఉన్న ఇంజినీరింగు కాలేజీలో, సర్వర్ రూములో, నాతోపాటు ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. వాడు పోయాక ఏడాది తిరిగేదాకా వాడి జోలికి ఎవరూ వెళ్ళలేదు. వాడి అకౌంటు, వాడి మెషీను, ఆఖరికి వాడు కూర్చునే చెయ్యి విరిగిన కుర్చీ కూడా ఎక్కడివక్కడే ఉంచారు. మా వైపు అది మామూలే. ఏడాది లోపు పోయినవాళ్ళ వస్తువులు కదపడానికి చేతులు రావు ఎవరికీ. అంతవరకూ మర్యాద తెలిసినవాళ్ళే. ఏడాది దాటిన మర్నాడు ఏం చెయ్యాలో మాత్రం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

డిస్కు నిండిపోతోందని ఏదో మీటింగులో అనుకున్నారట. అకౌంటు తీసేశారు, మెషీను చెరిపేశారు. ఇంట్లోవాళ్ళని అడిగారా అని నేను నిలదీస్తే, "భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడిగే ఉంటారండీ" అన్నాడొకాయన. "వాళ్ళావిడ ఎదురుగానే కూచున్నాం కదా" అన్నాడు ఇంకో పెద్దమనిషి. అవును, అందరూ ఆవిడ ఎదురుగానే కూచున్నారు. గారెలు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. అడిగినవాడు ఒక్కడూ లేడు. రెండోవాడు అడిగాడని మొదటివాడు, మొదటివాడు అడిగాడని రెండోవాడు అనుకున్నారు. నేనప్పటికే ఉద్యోగం నుంచి దిగిపోయాను. నాకు ఎవరు చెబుతారు?

ఆ మెషీనులో ఏముందో చెప్పాలి. తమ్ముడిది శ్రీకూర్మం దగ్గర సన్నాయి మేళం వాళ్ళ ఇల్లు. తరతరాలుగా గుడి కొలువు. వాళ్ళింట్లో ఏదీ రాసుకుని నేర్చుకోరు, విని నేర్చుకుంటారు. వాడూ అంతే. సర్వర్ రూములో ఏ పని ఎలా చెయ్యాలో కాగితం మీద పెట్టమంటే వాడికి పెన్ను కదిలేది కాదు. అందుకని మైకు పెట్టుకుని చెప్పేవాడు. కరెంటు పోయి వస్తే ఏది ముందు, ఏది వెనక, డేటాబేసు చెడిపోతే ఎలా తిరిగి ఎక్కించాలి, అన్నీ నోటితో చెప్పి, రికార్డు చేసి, తన మెషీనులో దాచేవాడు. కొత్తగా చేరినవాళ్ళకి అవే పాఠాలు. "ఒరే, ముందల స్టోరేజీ ఎలిగించండి. దాని దీపాలు పచ్చగా అయ్యీదాకా సర్వర్ల జోలికెల్లకండి. తొందరేటి? పెల్లికెల్తన్నారేటి?" ఇలా ఉండేవి. నేను పదో తరగతి తప్పి రాజాంలో రేడియోలు బాగుచేసుకుంటూ, పాత పుస్తకాలు చదువుకుని పైకొచ్చినవాణ్ణి. నాకు వాడి పాఠాలంత సులువుగా ఏ పుస్తకమూ ఎక్కలేదు.

చెరిపేసిన కొన్నాళ్ళకి ఆవిడ, అంటే తమ్ముడి భార్య, మా ఇంటికి వచ్చింది. నా భార్య ఇచ్చిన మజ్జిగ పుచ్చుకుంది.

"బావగారూ, ఆయన గొంతు ఎక్కడైనా ఉన్నాదా?" అంది.

ఫోనులో లేదా అని అడిగాను.

"ఫొటోలున్నాయి. మాట నేదు. రోజూ ఇంట్లో ఉండీ మనిసికి మాట రికాడ్డు సేసి పంపుతామేటి? పెల్లిల్ల ఈడియోల్లో ఉన్నారు గానీ, నోట్లో సన్నాయి ఉంటాది. మొన్నటిదాకా సెవిలో ఉండీది బావగారూ. ఇప్పుడు పలసబడిపోతన్నాది. పొద్దున్న లేసి, నన్నెలా పిలిసీవోరో తల్సుకుంతే, పిలుపు వస్తన్నాది, గొంతు రావడం నేదు."

ఉండేది, చెరిపేశారు అని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. నేనే అన్నాను, చాలా అన్నాను. కాలేజీకి పోయి, వినేవాడు లేకపోయినా గేటు దగ్గర నిలబడి అన్నాను.

ఇక అసలు సంగతి. ఈ మధ్య ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున్నే కాలేజీ నుంచి ఫోను. మాట్లాడింది ఇప్పుడు సర్వర్లు చూసే అమ్మాయి. వరి పండించుకునే ఇంటి పిల్ల, ఎచ్చెర్లలో చదువుకుంది, తమ్ముడి దగ్గర మొదటి ఏడాది పని నేర్చుకుంది. నన్ను పెదనాన్న అంటుంది, వాణ్ణి బాబాయి అనేది.

"పెద్నాన్నా, మేనేజరు సర్వరు పైకి రావట్లేదు. నిన్న కరెంటు పోయి వచ్చిన కాడినుంచి అలగే ఉంది. ఓపాలి వస్తారా?"

ఆ సర్వర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక మాట. సర్వర్ రూములో ఉన్నవి నాలుగు పెద్ద యంత్రాలే. ఒక్కొక్క దాని లోపల బోలెడు కంప్యూటర్లు ఉన్నట్టు నమ్మిస్తాం. హాజరు ఒకదాంట్లో, పరీక్షలు ఒకదాంట్లో, ల్యాబులు కొన్నింట్లో. విడిగా ఒళ్ళు లేని ఈ కంప్యూటర్లని వర్చువల్ మెషీన్లు అంటారు. తమ్ముడి మెషీనూ అలాంటిదే, వీటి ఫైళ్ళన్నీ స్టోరేజీ అనే డిస్కుల పెట్టెలో ఉంటాయి. ఏది ఎక్కడుంది, ఎవరిది, ఎప్పుడు ఏం చెయ్యాలి అనే జ్ఞాపకమంతా మేనేజరు సర్వర్‌లో ఉన్న డేటాబేసుది. అది పడిపోయినా మెషీన్లు ఆగిపోవు. స్టేషన్‌లో సిగ్నళ్ళు వేసే క్యాబిన్ మనిషి కళ్ళు తిరిగి పడిపోయినా పట్టాల మీద బళ్ళు పోతూనే ఉంటాయి చూడండి, అలాగ. కానీ ఎంతసేపని?

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి అప్పటికే చాలా చూసేసింది. డేటాబేసు ఉన్న డిస్కు నిండిపోయి ఉంది, అలాంటి సమయంలో కరెంటు పోయింది, రాస్తున్న ఫైలు సగంలో తెగిపోయింది. సర్వీసు మొదలవుతుంది, రెండు నిమిషాలు మూలుగుతుంది, పడిపోతుంది. మరమ్మతు చేసే ఆదేశాలు ఇచ్చి చూశాం. కాలేదు. పాత బ్యాకప్ నుంచి డేటాబేసు తిరిగి ఎక్కించడం తప్ప దారి లేదు.

"మొన్నటి బ్యాకప్ తియ్యి" అన్నాను.

"లేదు పెద్నాన్నా."

"పోనీ పోయిన వారానిది."

"అదీ లేదు. నెలల తరబడి ఒక్కటీ లేదు."

నాకు ఒళ్ళు మండింది. జనరేటరు సరిగా పెట్టనివాళ్ళని, బ్యాకప్ డిస్కు కొననివాళ్ళని, పనికిరాని మీటింగులు పెట్టేవాళ్ళని అందర్నీ కలిపి తిట్టడం మొదలెట్టాను. ఆ అమ్మాయి నన్ను తిట్టనిచ్చింది. అయ్యాక మెల్లిగా అంది:

"జనరేటరుది కాదు, డిస్కుదీ కాదు. ఇటు సూడండి. రాత్రి బ్యాకప్ తీసే పని బాబాయి పేరు మీద ఉండీది. ఆయన అకౌంటు తీసేసిన రోజునుంచి ఆ పనికి లోపలికెల్లడానికి తాళంసెవి లేదు. ఆగిపోయింది. ఆగిపోయిందని మెయిలు పంపింది కూడాను."

"మరి ఎవడూ చూడలేదేం?"

"మెయిలు బాబాయికే ఎల్లింది."

నేను ఆ విరిగిన కుర్చీలో కూర్చుండిపోయాను. చెడకుండా ఉన్న ఆఖరి బ్యాకప్ తారీఖు చూడమన్నాను. ఆ అమ్మాయి చూపుడువేలు తెర మీద పెట్టింది. నేనే చదువుకున్నాను. తమ్ముడి సంవత్సరీకం నాటి రాత్రిది. మర్నాడు పొద్దున్నే వాణ్ణి చెరిపారు. అంటే ఈ కాలేజీ యంత్రాలకి మిగిలిన జ్ఞాపకం ఒక్కటే, అందులో వాడున్నాడు. వాణ్ణి తీసేశాక ఇంకేదీ గుర్తుపెట్టుకోలేదు అవి.

చల్లటి గాలి కొట్టే గది అది, బయట ఎండ పేలిపోతోంది. నేను కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాను.

ఎక్కించడం మొదలుపెట్టాం. పాఠం రికార్డు లేదు గదా, ఆ అమ్మాయి నా మొహం చూసింది. నా చెవిలో ఉంది. "ముందల సర్వీసులన్నీ ఆపండి. డేటాబేసుని ఎవరూ ముట్టుకోకుండా సూడండి. పాడయిపోయిందని పాతదాన్ని పారీకండి, పక్కన దాసండి, రేపొద్దున్న దానితోటి పనుంటాది." వాడు చెప్పిన వరసలోనే చేసుకుంటూ పోయాం. చెడిపోయిన డేటాబేసుని పక్కన దాచాం. పాతది ఎక్కించాం. శాతం అంకె కదులుతుంటే ఇద్దరం తెర చూస్తూ కూర్చున్నాం. మధ్యలో ఒకచోట నేను తొందరపడి సర్వీసు మొదలెట్టబోయాను. ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి, "తొందరేటి?" అంది. అనేసి తనే ఉలిక్కిపడింది.

మేనేజరు లేచింది. జాబితా వచ్చింది.

మెషీన్ల పేర్లన్నీ బూడిదరంగులో ఉన్నాయి. యంత్రాలతో ఇంకా కలపలేదు కాబట్టి దానికి ఏది బతికి ఉందో ఏది లేదో తెలీదు. సంవత్సరీకం నాటి లోకంలో ఉంది అది. ఆ తరవాత కొత్తగా పెట్టినవేవీ దానికి తెలీవు. జాబితాలో కిందుగా, హాజరు మెషీనుకీ లైబ్రరీ మెషీనుకీ మధ్య, తమ్ముడి మెషీను ఉంది. అన్నిటిలాగే ఉంది. పక్కన యజమాని అని వాడి పేరు.

"ఉంది" అన్నాను.

"పెద్నాన్నా, ఆగండి. యంత్రాలు కలిపాక సూద్దాం. ఇప్పుడన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి."

ఆగలేదు నేను. ఫోను తీసి శ్రీకూర్మం చేశాను. అమ్మా, వాడి మెషీను కనపడుతోంది, బయల్దేరి రా అన్నాను. అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "వస్తన్నాను" అని పెట్టేసింది. ఎలా, ఎందుకు, నిజమేనా అని ఒక్క మాట అడగలేదు.

తరవాత యంత్రాలు కలిపాం. ఒక్కొక్కటి కలిసినకొద్దీ ఆ యంత్రంలోని మెషీన్లు బూడిదరంగు వదిలి వెలుగులోకి వచ్చాయి. కొత్తవి కూడా తమంతట తామే వచ్చి జాబితాలో చేరాయి. నాలుగోది కలిసింది. హాజరు వెలిగింది. లైబ్రరీ వెలిగింది. వాటి మధ్య ఉన్నది వెలగలేదు. పేరు వాలిపోయినట్టు ఏటవాలు అక్షరాల్లోకి మారి, పక్కన ఆర్ఫన్డ్ అని పడింది. పేరుంది, దానికి దిక్కయిన ఫైళ్ళు ఎక్కడా లేవని అర్థం.

స్టోరేజీలోకి వెళ్ళి వాడి ఫోల్డరు కోసం వెతికాం. లేదు. చెరిపిన చోటి నుంచి ఏమైనా లాగొచ్చేమోనని ఆ అమ్మాయి తనకి తెలిసిన దారులన్నీ చూసింది. ఆ చోట ల్యాబు మెషీన్లు వచ్చి కూర్చుని చాలా కాలమైంది. వాడి మాటలు ఉన్నచోట పిల్లల ప్రోగ్రాములున్నాయి.

ఆవిడకి ఫోను చేశాను. మోగింది, తియ్యలేదు. శ్రీకాకుళంలో బస్సు మారి, సంచీలో ఫోను పెట్టుకుని, చప్పుడు వినపడక అలా వస్తూ ఉంటుంది. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. ఆ అమ్మాయి తన టిఫిన్ డబ్బా నా ముందుకి తోసింది. నేను వెనక్కి తోశాను.

"నేను ముందే చెప్పాను అని అనవేం?" అన్నాను కోపంగా.

"అంటే ఏటవుతాది పెద్నాన్నా? బస్సు ఎనక్కి తిరుగుతాదేటి?"

సాయంత్రం కాబోతుండగా వచ్చింది ఆవిడ. ఇస్త్రీ చీర కట్టుకుంది. ఏదైనా ఇస్తే పట్టుకెళ్ళడానికని కాబోలు, మనవడి స్కూలు బ్యాగు ఖాళీది భుజానికి వేసుకుంది. గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. ఆ బ్యాగు చూశాక నేను తెర వైపు తిరిగిపోయాను. ఆ అమ్మాయే చెప్పింది, ఉన్నదున్నట్టు, దాచకుండా.

ఆవిడ విని, "పేరు ఉన్నాదన్నారు గదా, అది సూపించండి" అంది.

చూపించాం. దగ్గరికి వంగి చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి చూసింది. సరిగ్గా అప్పుడే తెర కింది భాగంలో, జరిగే పనులు చూపించే చోట, కొత్త గీత ఒకటి వచ్చింది. పని మొదలుపెట్టినవారు అన్నచోట తమ్ముడి పేరు. క్షణం ఆగి ఆ గీత ఎర్రబడింది.

నిజం చెబుతున్నాను, ఎన్ని పుస్తకాలు చదువుకున్నా ఆ నిమిషాన నాకేమీ గుర్తురాలేదు.

"ఇదేటి? ఆయనిప్పుడేటి సేసేరు?" అంది ఆవిడ.

"ఇప్పుడు సేసింది కాదు పిన్నీ" అంది ఆ అమ్మాయి. "రోజూ ఈ యేలకి తన మెషీనుకి ఒక నకలు తియ్యమని బాబాయి ఎప్పుడో సెప్పి ఉంచారు. పాత డేటాబేసుతోపాటు ఆ పనీ తిరిగొచ్చింది. మెషీను కోసం ఎతికింది. దొరకలేదు. ఆగిపోయింది."

"రేపూ ఎతుకుతాదా?"

"రేపూ ఎతుకుతాది."

"ఎన్నాల్లు?"

"మనం తీసీదాకా."

"తియ్యరు" అన్నాను నేను. గట్టిగానే అన్నాను. "ఎందుకు తియ్యాలి? రోజుకొక ఎర్ర గీత. దానివల్ల ఎవడి సొమ్ము పోతుంది? పనికిమాలినవన్నీ దాచుకుంటారు ఈ కాలేజీలో. వాడొక్కడే అడ్డమొచ్చాడా? చూడనీ రోజూ. చెరిపినవాళ్ళు రోజూ ఆ పేరు చూడాలి."

ఆవిడ నా వైపు తిరిగింది. "బావగారూ, మీకు కోపం ఉన్నాది. ఆ కోపానికి కాపలాగా ఆయన్ని నిలబెట్టకండి. బతికున్నన్నాల్లూ ఈ గదిలోనే తిరిగేరు. పండగ నేదు, పబ్బం నేదు. సచ్చిపోయాక కూడా రోజూ వచ్చి ఎతుక్కోమంటారేటి?"

ఆవిడ ఆ విరిగిన కుర్చీలో కూర్చుంది. అది వాడిదని ఎవరూ చెప్పలేదు. "అందులో ఏటి సెప్పీవోరు ఆయన?" అని అడిగింది.

చెప్పాను. ముందల స్టోరేజీ ఎలిగించండి అని మొదలుపెట్టి, నాకు కంఠతా వచ్చిన పాఠం వాడి వరసలోనే అప్పగించాను. మాటలన్నీ వాడివే. గొంతు నాది. ఎండిపోయిన ముసలి గొంతు. నాకే తెలిసిపోతోంది అది వాడు కాదని.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అలగ కాదు. మీరు కొడతన్నట్టు సెప్తన్నారు. తొందరేటి అన్న కాడ ఆగీవోరు ఆయన. ఆగి, ఊపిరి లోనికి తీసుకొని, అప్పుడు పైకెత్తి..." అని, తనే అంది. "తొందరేటి? పెల్లికెల్తన్నారేటి?"

సన్నాయిలో ఊపిరి మార్చుకునేవాళ్ళు మాట మధ్యలో ఆగే పద్ధతి ఒకటుంది. రెండో మాట కాస్త పైస్థాయిలో అందుకుంటారు. అది వచ్చింది ఆవిడ నోట. ఆడగొంతే. అయినా వచ్చింది. అమ్మాయి చెయ్యి మౌసు మీద అలా ఉండిపోయింది. ఆవిడ తన నోటి మీద తనే వేళ్ళు పెట్టుకుంది.

తరవాత వేళ్ళు తీసి, "ఇంకోపాలి సెప్పండి బావగారూ. మొదలునుంచి. నాను దిద్దుతాను" అంది.

చెప్పాను. సర్వీసులు ఆపడం గురించి చెప్పాను, పాతదాన్ని పక్కన దాచడం గురించి చెప్పాను. ఆవిడకి డేటాబేసంటే ఏమిటో తెలీదు. ఏ మాట దగ్గర వాడు నవ్వేవాడో, ఏ మాట దగ్గర విసుక్కునేవాడో తెలుసు. కొన్నిచోట్ల, "ఇక్కడ నాక్కూడా తెల్దు" అని ఒప్పుకుంది. ఆ చోట్లు అలాగే వదిలేశాం.

తరవాత లేచి నిలబడి, "తీసీ అమ్మా" అంది అమ్మాయితో.

అమ్మాయి ముందు ఆ రోజువారీ పనిని తీసింది. తరవాత మెషీను పేరు మీద నొక్కింది. నిజంగా తొలగించాలా అని అడిగింది యంత్రం. యంత్రమన్నా అడిగింది. అమ్మాయి వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూసింది. ఆవిడ తలూపింది. పేరు పోయింది. హాజరు కింద లైబ్రరీ వచ్చి ఆనుకుంది.

పాత డేటాబేసుతోపాటు తిరిగొచ్చిన వాడి అకౌంటు మాత్రం అప్పుడే తియ్యలేదు. ఆ రాత్రి బ్యాకప్ ఎవరి పేరు మీద పెట్టాలో తేలాలి కదా. "మీ పేరు మీద పెట్టమంటారా పెద్నాన్నా? నా పేరు మీదా?" అంది అమ్మాయి.

"మనిషి పేరు మీద పెట్టకు. ఎవరిదీ వద్దు. బ్యాకప్ అనే పేరుతో ఒక అకౌంటు చెయ్యి, మెయిలు నలుగురికి పోయేలా చూడు" అన్నాను. అలా చేసి, ఒకసారి నడిపి చూసి, ఫైలు వచ్చిందని రూఢి చేసుకున్నాక వాడి అకౌంటు కూడా తీసేసింది.

ఆవిణ్ణి బస్సు ఎక్కించడానికి రోడ్డు మీదికి నేనూ వెళ్ళాను. ఒట్టి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మళ్ళీ ఎప్పుడు వస్తావమ్మా అని అడిగాను గానీ వినలేదు. ముందుకి చూస్తూ ఉంది. పెదాలు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. కండక్టరు విజిలు ఊదాడు.